కాడ్ తలలకు మూడు నీళ్ళు

స్కాంట్ కోవ్‌కి దేవుడు రాయి ఇచ్చాడు, సముద్రం ఇచ్చాడు, గాలి అయితే అడక్కుండానే దండిగా ఇచ్చాడు. మట్టి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయినట్టున్నాడు. ఆ లోటు ట్రిఫీ అత్త చూసుకుంటోంది.

ఈ మాట ఊళ్ళో ఎవరూ నవ్వుతూ అనరు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి ఉత్తరపు కొసన, హైవే వేసినప్పుడు బుల్‌డోజర్లు పక్కకి నెట్టేసిన కంకర మీద ఆవిడ బంగాళాదుంపల తోట ఉంది. ఊరి నుంచి పన్నెండు కిలోమీటర్లు. మిగతా ఆడవాళ్ళ తోటలూ అక్కడే, చుట్టూ స్ప్రూస్ కర్రల దడి కట్టుకుని. ఎవరి తోటకీ కాగితం లేదు, ఏ దడికీ తాళం లేదు. దొంగతనం చేసేది ఒక్క మూస్ దుప్పే. దాని సంగతి అక్టోబరులో, వేట మొదలయ్యాక, కుండలో తేలుస్తారు.

ట్రిఫీ అత్తకి ఎనభై ఒకటి. ఊరందరికీ అత్తే, సొంత మేనకోడలు మాత్రం ఒక్కతీ లేదు. యాభై ఏళ్ళుగా ఆవిడ పని ఒకటే. శీతాకాలపు తుపాన్లకి ఒడ్డున పడిన సముద్రపు నాచు తెచ్చి, ఉప్పు కారిపోవాలని నెలల తరబడి వానకీ మంచుకీ వదిలేస్తుంది. వేసవిలో కేపలిన్ అనే వేలెడు చేపలు గుడ్లు పెట్టడానికి అలలతో పాటు తెల్లగా దొర్లుకుంటూ ఒడ్డెక్కినప్పుడు, ఇంట్లోకి కావలసినన్ని ఎండబెట్టుకుని, మిగతావి బకెట్లతో తోటకి మోస్తుంది. ఊబిలోంచి తవ్విన నల్లమట్టి జానెడు, దానిమీద చేప బెత్తెడు, దానిమీద నాచు, మళ్ళీ ఊబి మట్టి. ఏడాది తిరిగేసరికి అందులో చేపా ఉండదు, నాచూ ఉండదు. వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడిగా రాలే మట్టి ఉంటుంది. ఆ మట్టిలో కాసిన దుంపని ఉడకేస్తే తొక్క దానంతటదే పగిలి, లోపల తెల్లగా పిండిలా విచ్చుకుంటుంది. అలాంటి దుంప తిని పెరిగినవాళ్ళు బయట ఊళ్ళలో హోటలుకి వెళ్తే మొహం ముడుచుకుని కూచుంటారు.

మెల్వీనా హెడ్డర్‌సన్ కూడా ఆ దుంపలు తినే పెరిగింది. చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టి ఇరవై రెండేళ్ళయింది. కత్తి జారిన రోజు ఒక్కటీ లేదు గానీ, నోరు మాత్రం అప్పుడప్పుడూ జారుతూంటుంది. ఈసారి మేలో, చర్చి హాల్లో, అందరి ముందూ జారింది.

ఫ్యాక్టరీ మేనేజరు మీటింగు పెట్టి చల్లగా చెప్పాడు. పీతల కాలం అయిపోతోంది. ఆగస్టు నుంచి కాడ్ చేప కొయ్యొచ్చు, చాలా ఏళ్ళ నిషేధం తర్వాత. కానీ తలలూ పేగులూ ఇదివరకులా రేవులోకి నెట్టేస్తే కుదరదు, ప్రభుత్వపు పర్యావరణ ఆఫీసు ఒప్పుకోదు. ఒప్పుకునే చెత్త డంపు లారీలో అయిదు గంటల దూరం. "కాబట్టి కాడ్ వేరే ఊరికి పోతుంది. నాకూ బాధగానే ఉంది," అన్నాడు. ఆ బాధ మొహం మీద ఎక్కడుందో ఎవరికీ కనపడలేదు.

నలభై మంది ఆడవాళ్ళు తమ చేతులకేసి చూసుకున్నారు. పీతల పని ఒక్కటే అయితే ఏడాది గడవదు. కాడ్ లేకపోతే సగం మంది ఇళ్ళకి తాళాలు వేసుకుని పిల్లల్నీ సామాన్లనీ ఎత్తుకుని పోవలసిందే. ఇప్పటికే బళ్ళో పంతొమ్మిది మంది మిగిలారు.

అప్పుడే మెల్వీనా లేచి, "తలలూ పేగులూ పారెయ్యడమేంటండీ? అది ఎరువు. ట్రిఫీ అత్త యాభై ఏళ్ళనుంచీ చేస్తోంది. మాకివ్వండి, కుప్ప మేం వేస్తాం," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత కాగితాలు వచ్చాయి. దరఖాస్తులో 'బాధ్యులు' అన్నచోట ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కదా. అందరూ ఎంతో ప్రేమగా మెల్వీనా వైపు చూశారు.

ఆఫీసు నుంచి జవాబు తొందరగానే వచ్చింది. ముందు పరీక్షగా ఒక కుప్ప వెయ్యండి. దాని లోపలి వేడి రోజూ చూసి పుస్తకంలో రాయండి. మూడు రోజులు వరసగా యాభై అయిదు డిగ్రీలు దాటాలి. దుర్వాసన ఉండకూడదు, జంతువులు రాకూడదు, ఉప్పు మోతాదు మించకూడదు. కుప్ప వేసిన రెండు వారాలకి ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడు. పాసైతే అనుమతి. లేకపోతే లేదు.

మెల్వీనా అది చదివి వినిపిస్తే ట్రిఫీ అత్త డబ్బా పాల టీ ఊదుకుంటూ అంది, "డిగ్రీలా? నా కుప్పకి జ్వరం ఉందో లేదో నేను చెయ్యి పెట్టి చూసుకుంటాను పిల్లా."

"ఆయన నీ చెయ్యి నమ్మడత్తా. థర్మామీటరే నమ్ముతాడు."

"పోనీలే పాపం. పట్నం వాళ్ళకి చేతుల్తో పనేముంది."

పరీక్షకని మేనేజరు పక్క రేవు నుంచి నాలుగు పెద్ద పెట్టెల కాడ్ తలలు తెప్పించాడు. ఒక్కో పెట్టెలో ఒక ఆవు పడుకోవచ్చు. అవి వచ్చింది శుక్రవారం సాయంత్రం. ఊబి మట్టి తవ్వే ట్రాక్టరు సోమవారం గానీ దొరకదు. మధ్యలో ఆదివారం, ఆ రోజు స్కాంట్ కోవ్‌లో కట్టె కొట్టినా పక్కింటివాళ్ళు తెర తొలగించి చూస్తారు. ఆ శుక్రవారం రాత్రే ఆడవాళ్ళందరూ కూచుని తలల్లోంచి నాలుకలు కోసుకున్నారు. నాలుకలు వేయించుకు తినకుండా తలని పారేసే మనిషి ఆ తీరంలో ఇంకా పుట్టలేదు. తర్వాత మెల్వీనా పెట్టెల్ని తన మామగారికి అప్పజెప్పింది.

సెల్బీ హెడ్డర్‌సన్‌కి డెబ్భై తొమ్మిది. వయసులో ఉండగా లాబ్రడార్ తీరానికి వేటకెళ్ళే పడవల్లో, పట్టిన చేపకి ఉప్పు చల్లేవాడు. పడవ కెప్టెన్‌ని మార్చినా మార్చేవాళ్ళు గానీ ఉప్పు చల్లేవాణ్ణి మార్చేవాళ్ళు కాదు. కాస్త ఎక్కువైతే చేప కాలుతుంది, తక్కువైతే జిగురెక్కుతుంది. నాలుగు నెలల కష్టం ఆ ఒక్క చేతి విసురులో ఉండేది. ఇప్పుడు ఉప్పుచేప కొనే బేరగాళ్ళు లేక, రేవు దగ్గర షెడ్డులో కూచుని వలలు బాగుచేస్తూ, రేడియోకి ఎదురు సమాధానాలు చెబుతూంటాడు.

"మామయ్యా, సోమవారం దాకా ఈ తలలు నువ్వు చూసుకోవాలి. కంపు కొట్టకూడదు. ఈగ వాలకూడదు. నా పేరు మీద ఉంది మరి," అంది మెల్వీనా.

"నువ్వు నిశ్చింతగా పో కోడలా," అన్నాడు సెల్బీ. ఆ మొహంలో అంత వెలుగు చూసి ఆవిడకి ఎన్నేళ్ళయిందో.

సోమవారం తెల్లారేసరికి కేపలిన్ కాలపు ముసురు. చలిగాలీ, పొగమంచూ, సూదుల్లాంటి వాన. అయినా జనం అంతా వచ్చారు. ట్రిఫీ అత్త పసుపు రంగు వానకోటు వేసుకుని కంకర గుట్ట మీద నిలబడి చెయ్యి చూపిస్తూంటే, ట్రాక్టరు కూడా భయపడుతూ నడిచింది. ముందు స్ప్రూస్ కొమ్మలు పరిచారు, గాలి ఆడాలని. వాటి మీద ఊబి మట్టి, రంపపు పొట్టు, తలలు, పీత డిప్పలు, నాచు, మళ్ళీ మట్టి.

"చేప కనపడకూడదు. కనపడిందా, గల్ పక్షి ఊరందరికీ చెబుతుంది!" అని అరుస్తోంది అత్త.

తలలు నిజంగా ముద్దొచ్చేలా ఉన్నాయి. ఒక్క ఈగ లేదు. మెల్వీనా మామగారి భుజం తట్టి, "ఎంత బాగా చూసుకున్నావు మామయ్యా," అంది. ఆయన టోపీ కొంచెం వెనక్కి తోసుకున్నాడు.

ట్రిఫీ అత్త మాత్రం ఒక తలని కంటికి దగ్గరగా పెట్టుకుని, "ఈ తలలు మరీ మర్యాదగా ఉన్నాయేమిటే?" అంది. వాన జోరందుకుంది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

మంగళవారం మెల్వీనా కుప్పలోకి బారెడు థర్మామీటరు గుచ్చింది. తొమ్మిది డిగ్రీలు. మొదటి రోజే కదా అనుకుంది. బుధవారం పది. గురువారం పది. శుక్రవారం పదకొండు; ఆ ఒక్క డిగ్రీ కూడా ఎండ పుణ్యమే. పుస్తకంలో అంకెలు ఒకదాని కింద ఒకటి, బళ్ళో లెక్కలు రాని పిల్లలు వరసగా నిలబడ్డట్టు నిలబడ్డాయి. కుప్ప కంపు కొట్టడం లేదు. ఆవిరి లేదు. ఎలుగుబంటి కాదు కదా, పిల్లి కూడా వచ్చి చూడలేదు. అదే మెల్వీనాకి భయం పుట్టించింది.

ఫ్యాక్టరీలో పక్క బల్ల మీద పనిచేసే రోక్సీ టీ వేళ చెవిలో చెప్పింది. "యాభై ఆరు అని రాసెయ్. అంకెలకి నోరుంటుందా?"

"ఆయన థర్మామీటరుకి ఉంటుంది."

"ఆయనొచ్చే రోజు పొద్దున్నే నాలుగు కెటిళ్ళ వేణ్ణీళ్ళు పోద్దాం."

మెల్వీనాకి నవ్వు రాలేదు. ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆ సాయంత్రం అంట్లు రెండుసార్లు తోమింది. సంతకం తనది. ఈ కుప్ప చల్లగా ఉంటే ఆగస్టులో బల్లలు ఖాళీగా ఉంటాయి. అబద్ధం రాస్తే ఇవాళ ఒక కుప్ప గట్టెక్కుతుంది, రేపు వంద కుప్పలు కుళ్ళి ఊరు కంపెత్తిపోతుంది.

శనివారం పొద్దున్నే వెళ్ళి ట్రిఫీ అత్తని బండిలో ఎక్కించుకొచ్చింది.

అత్త కుప్ప చుట్టూ ఒకసారి తిరిగింది. చేతి తొడుగు తీసి మోచేతిదాకా లోపలికి దూర్చింది. "చచ్చిన మనిషి పక్కలా ఉంది," అంది. కుప్ప అడుగున కారుతున్న నీళ్ళలో వేలు ముంచింది. ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

"అత్తా! ఛీ!"

"నోర్ముయ్యవే. మీకు పురుళ్ళు పోసినప్పుడు ఇంతకంటే ఛీలు చూశాను." నాలుక చప్పరించింది. మళ్ళీ చప్పరించింది. మొహం మెల్లగా మారింది. "ఉప్పు."

"నాచులో ఉప్పేమో..."

"నా నాచు చలికాలమంతా మంచు కింద పడుకుంది. దాన్లో ఉప్పెక్కడిది? ఇది రాళ్ళుప్పు." ఆవిడ వంగి, మట్టి తోసి, ఒక కాడ్ తలని బయటికి లాగింది. అయిదు రోజులు కుప్పలో ఉన్న తల, నిన్న పట్టినట్టు గట్టిగా, కంటిలో మెరుపు కూడా తగ్గకుండా ఉంది. "ఇది కుళ్ళదు. మనం పోయాక కూడా ఇలాగే ఉంటుంది. దీన్ని ఊరబెట్టారే పిల్లా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో అంత శుభ్రంగా తల ఊరబెట్టగల చెయ్యి ఒక్కటే ఉంది.

సెల్బీ షెడ్డులో రేడియోతో వాదిస్తున్నాడు. కోడలి వెనకాల ట్రిఫీ అత్త రావడం చూసి రేడియో కట్టేశాడు.

"మామయ్యా, తలలకి ఉప్పేశావా?"

"వెయ్యకపోతే?" అన్నాడు ఆయన ఆశ్చర్యంగా. "కంపు రాకూడదు, ఈగ వాలకూడదు అన్నావు. మరెలా చూసుకుంటారు చేపని? జోల పాడా?"

"ఒరే సెల్బీ!" అంది ట్రిఫీ అత్త. "అది కుళ్ళడానికి తెచ్చిన చేపరా! కుళ్ళడమే దాని ఉద్యోగం!"

"కుళ్ళబెట్టమని నాతో ఎవరు చెప్పారు అక్కా? డెబ్భై ఏళ్ళనుంచీ నా చేతికి చేపనిచ్చిన ప్రతివాడూ కుళ్ళనివ్వకురా అనే చెప్పాడు." చేతిలో వల కింద పెట్టాడు. "నాలుగు పెట్టెలు. ఇన్నేళ్ళ తర్వాత నాలుగు పెట్టెల కాడ్ నా చేతిలో పెట్టారు. చెయ్యి ఆగలేదు."

మెల్వీనాకి తన మాటలే గుర్తొచ్చాయి. తనే కదా చెప్పింది, కంపు రాకూడదని. ఏం చెయ్యాలో చెప్పలేదు. ఈ తీరంలో పుట్టిన మగవాడికి చేపనిచ్చి జాగ్రత్త అంటే ఏం చేస్తాడో అడగాలా?

సెల్బీ లేచి ఏదో వెతుకుతున్నట్టు గోడవైపు తిరిగాడు. గోడ మీద ఏమీ లేదు.

"కొత్త తలలు తెప్పిద్దాం," అంది మెల్వీనా, తనకే నమ్మకం లేని గొంతుతో. మేనేజరు ఇంకోసారి తెప్పించడు. ఆఫీసరు వచ్చేది సోమవారం కాదు, ఆ పై సోమవారం. చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు. కుప్ప వేడెక్కడానికే నాలుగు రోజులు కావాలి. ఆ పైన యాభై అయిదు దాటి మూడు రోజులు.

ట్రిఫీ అత్త ఒక బోర్లించిన బకెట్టు మీద కూచుంది. "సెల్బీ, ఇటు తిరుగు. ఎంత చల్లావు?"

"ఏంటి?"

"ఉప్పురా. ఎంత?"

ఆయన తిరిగాడు. ఆ ప్రశ్న ఆయన్ని చాలా ఏళ్ళుగా ఎవరూ అడగలేదు. "తేలిక ఊర," అన్నాడు మెల్లగా. "వరసకి మూడు విసుర్లు. తల సగానికి చీల్చి ఉంది కదా, లోపలివైపు రెండు, తొక్కవైపు ఒకటి. మూడు రోజులే ఉంది. ఎముక దాకా దిగలేదు."

"దిగలేదా?"

"దిగి ఉండదు. నేను చల్లానక్కా."

"అయితే ఎన్ని నీళ్ళు?"

సెల్బీ పైకప్పుకేసి చూస్తూ పెదాలు కదిపాడు. "మూడు. మొదటిది పన్నెండు గంటలు. రెండోది ఒక రోజు. మూడోది ఒక పూట చాలు."

అప్పటికి గానీ మెల్వీనాకి అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపు గడప మీదే చతికిలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఇవాళ శనివారం. ఈ ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఈపాటికి ఒక గిన్నెలో ఉప్పుచేప నీళ్ళలో మునిగి ఉంటుంది, రేపు నానబెట్టిన గట్టిరొట్టెతో కలిపి, పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుకుని తినడానికి. ఉప్పు వదిలించడం ఇక్కడ ఆడపిల్లకి జడ వేసుకోవడం కంటే ముందు వస్తుంది. తను ఇన్నాళ్ళూ థర్మామీటరు పట్టుకుని ఏడ్చింది. చెయ్యవలసింది వంట.

"ఒక టన్నున్నర చేపకి నీళ్ళు మార్చాలి, అంతే కదా," అంది.

"అంతే," అంది ట్రిఫీ అత్త. "గిన్నె కొంచెం పెద్దది కావాలి."

మధ్యాహ్నానికి ఊరంతా తోటల దగ్గరుంది. ఫ్యాక్టరీ నుంచి చేపల పెట్టెలు ఎనిమిది వచ్చాయి. రోక్సీ మొగుడు పాత స్నానాల తొట్టి ట్రక్కులో వేసుకొచ్చాడు. పాస్టరు భార్య చర్చి విందులకి సూప్ కాచే గంగాళం తెచ్చి, "ఇది తిరిగి ఇవ్వక్కర్లేదు," అని చెప్పి వెళ్ళిపోయింది. కుప్పని పై నుంచి పొరలు పొరలుగా విప్పారు. నాచు ఒక పక్కకి, డిప్పలు ఒక పక్కకి, తలలు నీళ్ళలోకి. వాగు నుంచి పైపు వేసి పెట్టెలు నింపారు. ఉప్పు పీల్చేసిన ఊబి మట్టిని చూసి ఎవరో, "దీన్నేం చెయ్యాలత్తా?" అన్నారు.

"దాచిపెట్టండి. జనవరిలో రోడ్డు మీద మంచు కరిగించడానికి పనికొస్తుంది. కొత్తమట్టి తవ్వండి."

సాయంత్రానికి మొదటి నీళ్ళు. మార్చిన ప్రతిసారీ పాత ఉప్పునీళ్ళు వాగులో కలవకుండా ట్యాంకరులోకి పట్టి సముద్రానికి తీసుకుపోవాలి. మర్నాడు ఆదివారం. అదొక చిక్కు. ఆదివారం పని చెయ్యడమా? అందరూ ట్రిఫీ అత్త వైపు చూశారు. చర్చిలో ముందు వరసలో కూచునేది ఆవిడే.

"ఆదివారం భోజనానికి నానేసిన చేపకి నీళ్ళు మార్చుకోవడం పనెప్పుడయింది?" అంది ఆవిడ. "మా అమ్మ మార్చింది, మా అమ్మమ్మ మార్చింది. ఇద్దరూ స్వర్గంలోనే ఉన్నారు."

అలా ప్రార్థన అవగానే మంచి బట్టల మీద వానకోట్లు తొడుక్కుని, నలభై మంది ఆడవాళ్ళూ వాళ్ళ మొగుళ్ళూ నీళ్ళు మార్చారు. సెల్బీ ఒక్కో పెట్టె దగ్గరికీ వెళ్ళి, చిన్న కత్తితో ఒక తల దవడ దగ్గర పీచంత కోసి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. "ఇది ఇంకా గట్టిగా ఉంది. దీనికి అడుగునుంచి కలపండి." ఇంకో పెట్టె. "ఇది దారికొస్తోంది." మెల్వీనా ఆయన్ని కోడలిగా పాతికేళ్ళు చూసింది. ఎప్పుడూ పొయ్యి పక్కన కాళ్ళకడ్డం వచ్చే మనిషిగానే చూసింది. ఆ నాలుక అంత సూక్ష్మమైన పరికరమని, ఆ పరికరం తన వంటింట్లో మూడు పూటలా తన చేతి వంట తిని ఒక్కనాడూ పేరు పెట్టలేదని ఆవిడకి ఆ వేళే తట్టింది.

సోమవారం మధ్యాహ్నం మూడో నీళ్ళు పోసి, సాయంత్రం అవీ తీసేశాక, సెల్బీ ఎనిమిది పెట్టెలూ రుచి చూసి, తల ఊపాడు. "వంటకైతే ఇప్పుడు కాస్త ఉప్పెయ్యాలి," అన్నాడు.

"చెయ్యి జేబులో పెట్టుకో!" అని నలువైపులనుంచీ కేకలు వినపడ్డాయి.

కుప్ప మళ్ళీ లేచింది. ఈసారి తలల పొర పరచగానే ట్రిఫీ అత్త ముక్కు ఎగబీల్చి, "ఆఁ, ఇప్పుడు చేపలా ఉంది," అంది. తను దాచుకున్న పాత కుప్పలోంచి నాలుగు పారల మట్టి తెచ్చి, పాలల్లో తోడేసినట్టు పొరల మధ్య చల్లింది. ఆ నాలుగు పారలూ ఆవిడ వచ్చే ఏటి దుంపలకి ఉంచుకున్నవి.

మంగళవారం ఇరవై రెండు. బుధవారం ముప్ఫై ఎనిమిది. గురువారం పొద్దున్న మెల్వీనా వెళ్ళేసరికి కుప్ప నెత్తి మీద సన్నగా ఆవిరి. నలభై తొమ్మిది. ఆవిడ బండి హారను పదిసార్లు కొట్టింది. వినడానికి అక్కడ ఎవరూ లేరు. శుక్రవారం యాభై ఆరు. శనివారం యాభై ఎనిమిది. ఆదివారం యాభై తొమ్మిది. ఈ అంకెల్ని ఆవిడ ఎంత నెమ్మదిగా రాసిందంటే, పెళ్ళి రిజిస్టరులో సంతకం కూడా అంత పొందిగ్గా పెట్టలేదు.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. పేరు డన్‌ఫీ. సన్నగా, పొడుగ్గా, తన థర్మామీటరుకి అన్నలా ఉన్నాడు. కుప్ప చుట్టూ తిరిగి వాసన చూశాడు. వాన పడ్డ అడవి వాసన వచ్చింది. థర్మామీటరు మూడు చోట్ల గుచ్చి అంకెలు రాసుకున్నాడు. కుప్ప లోపలినుంచి కొంచెం తీసి సీసాలో వేసి, నీళ్ళు పోసి, ఇంకో మీటరు ముంచాడు. అదీ రాసుకున్నాడు. పుస్తకం అడిగాడు.

మెల్వీనా ఇచ్చింది. మొదటి వారం అంకెలు ఆయన వేలు కింద ఒక్కొక్కటే జరిగాయి. తొమ్మిది, పది, పది, పదకొండు. శనివారం దగ్గర వేలు ఆగింది. అక్కడ ఆవిడ రాసింది: 'తలల్లో ఉప్పు ఉంది. పొరపాటు మాదే. కుప్ప విప్పేశాం. మొదటి నీళ్ళు.' దానికింద: 'ఆదివారం. రెండో నీళ్ళు.'

"ఉప్పు ఎవరు వేశారు?" అన్నాడు ఆఫీసరు.

నలభై మంది ఆడవాళ్ళకి ఒక్కసారిగా ఆకాశంలో ఏదో ముఖ్యమైనది కనిపించింది.

"నేను," అన్నాడు సెల్బీ, వెనకనుంచి.

"ఉప్పేసిన చేప వ్యర్థాన్ని మామూలు స్థితికి తేవడం నేనెక్కడా చూడలేదు," అన్నాడు డన్‌ఫీ. "మిగతా చోట్ల అయితే పూడ్చిపెట్టేస్తారు. మీటరులో ఉప్పు చూస్తే మోతాదులో సగం కూడా లేదు. మీరు దేంతో కొలిచారు?"

సెల్బీ కొంచెం తటపటాయించి, నాలుక బయటపెట్టి చూపించాడు.

డన్‌ఫీ చాలాసేపు ఆ నాలుకనే చూశాడు. తర్వాత కుప్పకేసి చూశాడు. తర్వాత తన మీటరుని కోటుకి తుడుచుకుని పెట్టెలో పెట్టేశాడు. "ఇదివరకు నేను చూసిన పుస్తకాల్లో మొదటి రోజునుంచీ అంకెలన్నీ బ్రహ్మాండంగా ఉండేవి," అన్నాడు మెల్వీనాతో. "అలాంటిది చూస్తే ఇంకోసారి రావాలనిపిస్తుంది. మీ దానికి అక్కర్లేదు." ట్రక్కు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. ఆగస్టు ఆరో తేదీ నుంచి ఫ్యాక్టరీ కాడ్ కొయ్యొచ్చు. తలా, పేగూ, ఎముకా మొత్తం ఇక్కడికే.

రోక్సీ కేక పెట్టింది. ఆ వెనకే అందరూ. ఎవరో మెల్వీనాని ఎత్తబోయారు గానీ, ఆవిడ బరువు అంచనా వేసుకుని మనసు మార్చుకున్నారు. ఆవిడ ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని, చదవడానికి రెండుసార్లు ప్రయత్నించి, కళ్ళు మసకబారి మడిచి పెట్టుకుంది.

ట్రిఫీ అత్త మాత్రం అప్పుడే కంకర మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తోంది, తర్వాతి కుప్ప ఎక్కడినుంచి ఎక్కడిదాకా అని. "ఇంకా నిలబడే ఉన్నారా?" అని వెనక్కి తిరిగి అరిచింది. "నాలుగు పెట్టెలకే మీ నడుములు విరిగాయి. ఆగస్టులో రోజుకి పది పెట్టెలు వస్తాయి. ఊబి దగ్గరికి ఎవరు వెళ్తున్నారు? పారలెక్కడ?"

సెల్బీ అందరికంటే ముందు పార అందుకున్నాడు.

"నువ్వు కాదు," అంది అత్త. "నువ్వు ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూచో. ప్రతి పడవ మీదా నీలాగే ఉప్పు చూస్తే చెయ్యి ఆగనివాడొకడుంటాడు. వచ్చిన ప్రతి పెట్టెనీ రుచి చూసి, అప్పుడు ఇటు పంపు."

సెల్బీ పార కింద పెట్టాడు. "పొద్దున్న ఎన్నింటికి రావాలి?" అని అడిగాడు.